11 ఏళ్ల డ్రయర్‌ను ఇంట్లోనే విప్పడం తెలివా, తెగింపా?

పాతసామాను:
మా ఇంట్లో బట్టలు ఆరబెట్టే యంత్రానికి 11 ఏళ్లు నిండాయి. వేడి గాలిని వెనక గొట్టం గుండా బయటికి తోసే పాత రకం. ఆరు నెలలుగా తిరిగినప్పుడల్లా దబదబమని మోత. తరువాత దానికి కీచురాగం తోడైంది. మూడు వారాల కిందట మోటారు శబ్దం వినిపిస్తూనే ఉంది, డ్రమ్ము మాత్రం కదల్లేదు. తలుపు తెరిచి చేత్తో తోస్తే ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగిపోయింది.

పిలిపించిన మెకానిక్ పది నిమిషాలు చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క మర అయినా విప్పకుండా "వయసైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అని వెళ్లిపోయాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ప్లగ్గు పీకి, రెండు ఆదివారాలు కూర్చుని మొత్తం విప్పాను. డ్రమ్మును మోసే వెనక చక్రాలు రెండూ ఒక పక్క అరిగి చదునైపోయాయి. దబదబ అందుకే. బెల్టును బిగువుగా పట్టే చిన్న కప్పీ ఎండిపోయి కీచుమంటోంది. బెల్టు తెగి అడుగున పడి ఉంది. మూడూ కొత్తవి వేశాను. ఇప్పుడు చప్పుడే లేదు.

నా వాదన ఒక్కటే. ఇది ఎవరైనా చేసుకోగల పని. "అయిపోయింది" అనే మాటను మనం మరీ తేలిగ్గా నమ్మేస్తున్నాం. కాదనేవారు చెప్పండి.

ముప్పైఏళ్లపానా:
యంత్రం తిరిగినందుకు సంతోషం. "ఎవరైనా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఈ పని మీదే బతికినవాణ్ని.

విప్పకుండా తీర్పు చెప్పినవాణ్ని వెనకేసుకురాను. అయితే అతని వైపు లెక్క కూడా వినండి. డ్రమ్ము బయటికి తీసి, పీచు దులిపి, చక్రాలు మార్చి తిరిగి బిగించేసరికి సగం పూట పోతుంది. రెండు నెలల తరువాత హీటరు దాని కర్మాన అది పోయినా "నువ్వు ముట్టుకున్నాకే పోయింది" అన్న మాట పడేది మేమే. అందుకే చాలామంది కొత్తది కొనమని చెప్పి తప్పుకుంటారు.

ఇక సొంతంగా విప్పినవారి సంగతి. ప్లగ్గు పీకితే చాలనుకుంటారు. చాలా మోటార్లకు కెపాసిటర్ ఉంటుంది. కరెంటు తీసేశాక కూడా అందులో కాస్త మిగిలి ఉండి చెయ్యి పెట్టినవాణ్ని కొట్టగలదు. లోపలి రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, నా చేతుల మీది గాట్లలో సగం వాటివే. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది థర్మల్ ఫ్యూజు, వేడి మితిమీరితే తెగి యంత్రాన్ని ఆపేసే ముక్క. దాన్ని పీకేసి రెండు తీగలూ కలిపి మెలిపెట్టిన యంత్రాలను ఎన్నో చూశాను. అడిగితే "అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదండీ" అని గర్వంగా చెబుతారు. ఆగాల్సిన రోజున కూడా అది ఆగదు.

కొలిచిచూడు:
పానా గారూ, ఫ్యూజు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. దాని నుంచి మీరు లాగిన ముగింపు మాత్రం నాకు నచ్చలేదు.

నేను చదువుకున్నది సాహిత్యం. వోల్టులు, నిరోధం కొలిచే మల్టీమీటర్ కొన్నాకే డ్రయర్ అంటే భయం పోయింది. లోపల జరిగేవి మూడే పనులు: వేడెక్కించడం, గాలి తోలడం, తిప్పడం. ఏది ఆగిందో తెలిస్తే ఎక్కడ కొలవాలో తెలుస్తుంది. 230 వోల్టుల మీద నడిచే 2,500 వాట్ల హీటరు అయితే నిరోధం 21 ఓమ్‌ల చుట్టూ చూపాలి. వోల్టులను వోల్టులతోనే హెచ్చించి వాట్లతో భాగిస్తే వచ్చే అంకె అది. మీటరు ఏ అంకే చూపకపోతే హీటరు తీగ తెగినట్లే. బాగున్న థర్మల్ ఫ్యూజు దాదాపు సున్నా చూపిస్తుంది. తెగితే మళ్లీ అతకదు, కొత్తది వేయాల్సిందే.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. మొదటిసారి ఫ్యూజు మార్చి మురిసిపోయాను. మూడు వారాలకు కొత్తదీ తెగింది. యంత్రాన్ని గోడకేసి నెట్టినప్పుడు వెనక గొట్టం నలిగి, ఆ మడతలో పీచు గడ్డకట్టింది. గాలి కదలక వేడి లోపలే పేరుకుంటోంది. నేను మార్చింది కేక వేసిన కాపలావాణ్ని, దొంగ గొట్టంలో కూర్చున్నాడు. అయితే దొంగను పట్టుకున్నదీ నేనే, మెకానిక్ కాదు.

ఇంకొకటి. అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం 2008–2010 మధ్య కాలానికి వేసిన అంచనాలో, ఇళ్లలో డ్రయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం, 34 శాతం. తలుపు దగ్గరి జల్లెడను రోజూ దులిపినా, దాన్ని తప్పించుకున్న పీచు హీటరు చుట్టూ, మోటారు మీద చేరుతుంది. విప్పనివాడికి అది కనిపించదు.

ఆవిరి:
మీరిద్దరూ అసలు ప్రశ్నను దాటేశారు. 11 ఏళ్ల హీటరు యంత్రాన్ని బతికించడం దేనికి? వేడిని బయటికి తోసేయకుండా లోపలే మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకం అదే పనిని దాదాపు సగం కరెంటుతో చేస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2025 జులై 1 నుంచి, కొత్త డ్రయర్ల కరెంటు వాడకం మీద కొత్త నియమాలు వచ్చాయి. వాటి గీతను ఆచరణలో హీట్ పంప్ యంత్రాలే దాటగలవు.

అయితే నా హీట్ పంప్ యంత్రాన్ని నేను విప్పడానికి ఒక హద్దు ఉంది. అందులో ఫ్రిజ్‌లో ఉన్నట్లు మూసేసిన వాయువు గొట్టాలు ఉంటాయి. చాలా కొత్త మోడళ్లలో ఆ వాయువు ఆర్290, అంటే ప్రొపేన్, మండే స్వభావం ఉన్నది. బెల్టు, చక్రాలు, పీచు వరకు నా ఇష్టం. ఆ రాగి గొట్టాల జోలికి మాత్రం పోను.

పాతసామాను:
ఆవిరి గారూ, కరెంటు లెక్క ఒప్పుకుంటాను, రోజూ వాడేవారికి. ముసురు పట్టినప్పుడు తప్ప నేను దీన్ని వాడను. ఎప్పుడో ఒకసారి నడిచే యంత్రం మీద ఆదా అయ్యే కరెంటు కోసం, చక్కగా తిరిగే ఇంత ఇనుమును తుక్కులో పారేయమంటారా? మూడు చిన్న ముక్కలు అరిగాయి, అంతే.

ముప్పైఏళ్లపానా:
కొలిచిచూడు గారిలా "ఎందుకు తెగింది" అని అడిగేవారు విప్పుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. నేను చూసేవారిలో అలా అడిగేవారు తక్కువ.

పాతసామాను గారూ, ఒక్క ప్రశ్న. వెనక రేకు విప్పినప్పుడు దానికి ఆకుపచ్చ-పసుపు చారల వైరు ఒకటి తగిలించి ఉండాలి. దాన్ని తిరిగి పెట్టారా?

పాతసామాను:
పెట్టే ఉంటానండీ. యంత్రం నడుస్తోంది కదా.

ముప్పైఏళ్లపానా:
ఎర్త్ వైరు లేకపోయినా నడుస్తుంది. హీటరు తీగ సాగి రేకుకు తగిలిన రోజున, తడి చేత్తో తలుపు తీసేవారికి తెలుస్తుంది. ప్లగ్గు పీకి, ప్లగ్గులోని ఎర్త్ కాలికీ, వెనక రేకు మీద రంగు లేని స్క్రూకూ మధ్య కొలవండి. ఒక ఓము కన్నా తక్కువ చూపాలి. ఏ అంకే రాకపోతే వైరు తగలనట్లే.

కొలిచిచూడు:
మీటరు తీగల కొసలు రెండూ ముందు ఒకదానికొకటి తాకించి చూడండి. అప్పుడు చూపేది మీటరు సొంత అంకె, దాన్ని తీసేసి లెక్కపెట్టాలి.

పాతసామాను:
కొలిచాను. ఏ అంకే రాలేదు.

రేకు విప్పితే ఆ వైరు కొస అడుగున, నేను దులపడం మరిచిన పీచులో పడి ఉంది. ఇన్ని రోజులూ బట్టలు అలాగే ఆరబెట్టాం. బిగించాక 0.2 ఓమ్‌లు చూపిస్తోంది. పానా గారూ, "ఎవరైనా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తది కొనమన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఈ వైరు బిగించిందీ నేనే.

ముప్పైఏళ్లపానా:
మంచిది. తలుపు ఉన్న ముందు రేకు విడి ముక్క, దానికి వేరే వైరు ఉంటుంది. అదీ కొలవండి.