తక్కువ కార్బ్ ఫ్రెంచ్ టోస్ట్ ఓవెన్‌లో: బ్రెడ్డునే మార్చాలా, ఉన్న బ్రెడ్డును తగ్గిస్తే చాలా?

పొద్దుపొడుపు (ప్రశ్న)

మా ఇంట్లో ఇద్దరం పిండిపదార్థాలు (కార్బోహైడ్రేట్లు, పొట్టిగా కార్బ్) బాగా తగ్గించి తింటున్నాం. ఫ్రెంచ్ టోస్ట్‌ను ఒక్కొక్క ముక్కగా పెనం మీద కాల్చే బదులు, ముక్కలన్నీ ట్రేలో పేర్చి, గుడ్ల మిశ్రమం పోసి, ఓవెన్‌లో ఒకేసారి బేక్ చేస్తే పొద్దుటి హడావిడిలో పని తేలికవుతుంది కనుక, దాన్నే తక్కువ కార్బ్‌తో చేయాలని ఉంది. అయితే ఒకరు బాదం పిండితో చేసిన బ్రెడ్డు తప్ప మరొకటి వాడకూడదంటున్నారు. ఇంకొకరు మామూలు బ్రెడ్డునే సగానికి తగ్గించి, గుడ్లు పెంచమంటున్నారు. ఏది సరైనదో, ఎందుకో కారణాలతో చెప్పగలరా?

బాదంచెట్టు

బ్రెడ్డును మార్చాల్సిందే. 100 గ్రాముల మైదాలో కార్బోహైడ్రేట్లు సుమారు 76 గ్రాములుంటాయి, అదే బరువు బాదం పిండిలో 20 గ్రాములే, అందులోనూ దాదాపు సగం పీచు. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్డు ముక్క ఒక్కటి తింటే 13 నుంచి 15 గ్రాములు లోపలికి వెళ్తాయి. కీటో పద్ధతిలో, అంటే కార్బ్ బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతిలో ఉండేవారికి రోజంతటికీ ఉన్న పరిమితి 20 నుంచి 50 గ్రాములు కాగా, దానిలో పెద్ద వాటా పొద్దున్నే రెండు ముక్కలకు పోతే మిగిలిన రోజంతా ఏం తినాలి? సగానికి తగ్గించడమంటే ఆకలి తీరని ముక్కను పెట్టుకుని సరిపెట్టుకోవడమే. బాదం బ్రెడ్డులో కొవ్వు, ప్రోటీను ఎక్కువ కనుక మధ్యాహ్నం దాకా కడుపు నిండుగా ఉంటుంది.

పొయ్యిదగ్గర

బాదంచెట్టు గారి అంకెలతో నాకు పేచీ లేదు, కానీ వంట అంకెలతో ముగిసిపోదు. మామూలు బ్రెడ్డులో గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రోటీను) అల్లిన వల ఉంటుంది, దాని మధ్య స్టార్చ్ ఉంటుంది. ఎండిన ముక్క స్పాంజిలా పాలను, గుడ్డును పీల్చుకుని కూడా విడిపోకుండా నిలబడేది ఆ రెండింటి వల్లే. బాదం బ్రెడ్డులో ఆ వల లేదు. దాన్ని కట్టి ఉంచేది గుడ్డే, దాని మీద మళ్లీ గుడ్ల మిశ్రమం పోస్తే అడుగున ముద్ద, పైన ఆమ్లెట్ మిగులుతాయి.

ఇంకొక మాట. ఈ వంటకంలో కార్బ్ అంతా బ్రెడ్డులోనే ఉందనుకోవడం పొరపాటు. రెండు టేబుల్ స్పూన్ల మేపుల్ సిరప్‌లో సుమారు 26 గ్రాముల కార్బోహైడ్రేట్లుంటాయి, అంటే రెండు బ్రెడ్డు ముక్కలతో దాదాపు సమానం. సిరప్ మానేసి, పాలకు బదులు క్రీమ్ పోసి, మనిషికి ఒక్క ముక్క చొప్పున లెక్కపెట్టుకుని, రెండేసి గుడ్లతో చేస్తే 17 గ్రాముల దగ్గర ఆగుతుంది, రుచి కూడా చెడదు. కీటోలో లేనివారికి అంతకన్నా కట్టడి దేనికి?

లెక్కలమాస్టారు

ఎవరి పక్షాన చేరినా లేబుల్ చదవడం దగ్గర తప్పు జరగకూడదు. అమెరికాలో ముద్రించే లేబుళ్లలో మొత్తం కార్బోహైడ్రేట్ల అంకెలో పీచు కలిసే ఉంటుంది కనుక పీచును తీసివేసి చూసుకోవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాల లేబుళ్లలో పీచును ముందే విడిగా చూపిస్తారు. అక్కడి అంకెలోంచి మళ్లీ పీచును తీసివేస్తే, ఉన్న కార్బ్‌ను లేనట్టు లెక్కగట్టినట్టే. బాదం పిండి పొట్లాం ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా లెక్కపెట్టేవారు చాలామంది ఉన్నారు.

చక్కెరకు బదులు వాడే తీపి పదార్థాలన్నీ కూడా ఒక్కటి కావు. ఎరిథ్రిటాల్ చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది, మాల్టిటాల్ మాత్రం రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, మోతాదు మించితే కడుపు కూడా పాడవుతుంది. "చక్కెర లేదు" అని రాసి ఉన్న సిరప్ సీసాలో ఏది ఉందో తిప్పి చూడండి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, సల్ఫొనైల్‌యూరియా తరగతి మాత్రలు గానీ వాడేవారు పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందుల మోతాదు గురించి వైద్యుణ్ని అడిగాకే ఈ మార్పు మొదలుపెట్టాలి.

నిదానం

పొయ్యిదగ్గర గారు వర్ణించిన ముద్ద, ఆమ్లెట్ నిజంగానే వస్తాయి. అయితే అది బాదం బ్రెడ్డు దోషం కాదని, బ్రెడ్డును మార్చి పద్ధతిని మార్చకపోవడం వల్ల వచ్చేదని నా గట్టి అభిప్రాయం.

మామూలు బ్రెడ్డును ముందు రోజు బయట పెట్టి గట్టిపడనిచ్చి వాడతాం. అలా గట్టిపడటానికి ప్రధాన కారణం, ఉడికిన స్టార్చ్ చల్లారాక మళ్లీ స్ఫటికాల్లా బిగుసుకోవడం. బాదం బ్రెడ్డులో ఆ స్టార్చ్ దాదాపు లేదు. కాబట్టి రాత్రంతా బయట పెట్టినా అది మెత్తగా, తేమగానే ఉంటుంది, ఎక్కువ సేపుంచితే బూజు పట్టడం తప్ప ప్రయోజనం లేదు. దాన్ని వేడితోనే ఆరబెట్టాలి. రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పరిచి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పాలి. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగి, వేలితో తడితే పొడిగా గరగరలాడాలి. లోపల ఇంకా చల్లగా, తడిగా అనిపిస్తే మరో ఐదు నిమిషాలు ఆగండి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే తరువాత చేసేదేదీ ఫలించదు.

ఇక మిశ్రమం. ఈ ముక్కలు ఎక్కువ ద్రవాన్ని పీల్చవు కనుక, మామూలు బ్రెడ్డుకు పోసినంత పోస్తే మిగిలినది అడుగున చేరి విడిగా గడ్డకడుతుంది. 250 గ్రాముల బాదం బ్రెడ్డుకు నాలుగు గుడ్లు, 120 మిల్లీలీటర్ల క్రీమ్, అంతే పరిమాణంలో తీపి కలపని బాదం పాలు, దాల్చినచెక్క పొడి, వెనీలా, చిటికెడు ఉప్పు సరిపోతాయి. ఆ బ్రెడ్డులో 150 గ్రాముల బాదం పిండి పడిందనుకుంటే, నలుగురికి పంచినప్పుడు పీచు పోను ఒక్కొక్కరికి వచ్చేది 5, 6 గ్రాములే. బాదంచెట్టు గారు చెప్పిన ప్రయోజనం ఇక్కడ కళ్లకు కడుతుంది.

ఓవెన్‌ను 175 డిగ్రీల దగ్గర పెట్టి, ఇరవై నిమిషాలు రేకుతో మూసి, తరువాత పదిహేను నిమిషాలు తెరిచి ఉంచండి. గుడ్డు సురక్షితంగా ఉడకాలంటే మధ్య భాగం 71 డిగ్రీలకు చేరాలి, 85 దాటితే మాత్రం గుడ్డు బిగుసుకుపోయి నీరు వదులుతుంది. థర్మామీటర్ లేకపోతే ట్రేను కొంచెం కదిపి చూడండి, అంచులు నిలకడగా ఉండి, నడిమధ్య కాస్త వణికితే దించే వేళయింది.

ఎరిథ్రిటాల్ వేస్తే పైన ఎర్రగా రంగు రాదు, చల్లారాక పలుకులు తగులుతాయి, నాలుకకు చల్లదనం కూడా తెలుస్తుంది. అల్యులోజ్ అనే మరో తీపి పదార్థం చక్కెరలాగే రంగు తిరుగుతుంది, పైగా త్వరగా తిరుగుతుంది కనుక వేడిని పది డిగ్రీలు తగ్గించుకోవాలి.

పొయ్యిదగ్గర

నిదానం గారు చెప్పినట్టు ఆరబెడితే ముక్క నిలబడుతుందని ఒప్పుకుంటాను. అయినా బాదం బ్రెడ్డును ముందు రోజే కాల్చి, పొద్దున మళ్లీ ఆరబెట్టి, మళ్లీ బేక్ చేయడమంటే ఒక ఫలహారానికి ఓవెన్ మూడుసార్లు పనిచేయాలి. పని తేలికవ్వాలనే కదా అసలు ప్రశ్న? గోధుమ గ్లూటెన్, పీచు కలిపి తయారుచేసిన తక్కువ కార్బ్ బ్రెడ్డు మధ్యేమార్గంగా పనికొస్తుంది. దానిలో వల ఉంది కాబట్టి మామూలు బ్రెడ్డులాగే ద్రవాన్ని పీలుస్తుంది. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు మాత్రం దాని జోలికి పోకూడదు.

బాదంచెట్టు

బాదం బ్రెడ్డును నెలకోసారి చేసి, కోసి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో దాచుకుంటే ఓవెన్ మూడుసార్లు వెలిగించాలన్న అభ్యంతరం నిలవదు. గ్లూటెన్ బ్రెడ్డు రుచి రబ్బరును గుర్తుచేస్తుందని నా అనుభవం, కానీ అది ఎవరి నాలుకకు వారిది.

పొద్దుపొడుపు

అందరికీ కృతజ్ఞతలు. మా ఇద్దరిలో ఒకరికి గ్లూటెన్ పడదు కనుక బాదం బ్రెడ్డే చేస్తాను. రాత్రే అంతా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఓవెన్‌లోకి తోసేయవచ్చా?

నిదానం

ముక్కలను, మిశ్రమాన్ని కలిపి రాత్రంతా పెట్టకండి. గోధుమ బ్రెడ్డు దాన్ని తట్టుకుంటుంది గానీ, బాదం ముక్కలు పొద్దుటికి పొడిపొడిగా విరిగిపోతాయి. ఆరబెట్టిన ముక్కలను చల్లారాక మూత ఉన్న డబ్బాలో, మిశ్రమాన్ని విడిగా ఫ్రిజ్‌లో ఉంచి, లేవగానే కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి, ఈలోగా ఓవెన్ వేడెక్కుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజుల దాకా ఉంటుంది. దాన్ని మైక్రోవేవ్‌లో కన్నా 160 డిగ్రీల ఓవెన్‌లో వేడిచేస్తే పైభాగం మళ్లీ కరకరలాడుతుంది.