40 పౌండ్ల విల్లుకి బాణం పుల్లలు ఏ కర్రతో చేయాలి?

వెదురు బద్దతో విల్లు చేసుకున్నా, నారి పూర్తిగా లాగడానికి 40 పౌండ్ల దాకా బలం కావాలి. బాణాల దగ్గరే ఇరుక్కుపోయా. టేకు రీపరు కోయించి గుండ్రంగా చిత్రిక పట్టించా, మొదటి రోజే ఒకటి విరిగింది, మిగతావన్నీ గురికి మూరెడు ఎడమకి పోతున్నాయి. సరుగుడు కొమ్మలు తెస్తే ఆరేసరికి మెలికలు తిరిగాయి. ఇంకా గట్టి కర్ర ఏదైనా ఉందా? వేటకి కాదు, పెరట్లో గడ్డిమోపు మీద గురి కోసమే.

జవాబు 1
అన్నా, గట్టితనం ఎక్కువైందనే నా అనుమానం. మీరు కుడిచేత్తో లాగేవారైతే, ఎడమకి పోతోందంటే పుల్ల మరీ బిర్రుగా ఉన్నట్టే. వదలగానే బాణం కాస్త వంగి విల్లుని తప్పించుకుని పోవాలి, వంగకపోతే పక్కకి తన్నేస్తుంది. 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు కొట్టి పుల్ల వాటి మీద పెట్టండి, మధ్యలో 2 పౌండ్ల బరువు (900 గ్రాముల పైచిలుకు) వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు కుంగిందో దాంతో 26ని భాగించండి, వచ్చిందే ఆ పుల్ల ఎన్ని పౌండ్ల విల్లుకి సరిపోతుందో ఆ లెక్క. 0.65 అంగుళం కుంగితే 40 పౌండ్లకి సరి.

కర్రంటారా, బోలు తక్కువున్న సన్న వెదురు. అడవిలో కొట్టకండి, మేదర వాళ్ళనడిగితే వాళ్ళే ఏరి ఇస్తారు. కట్టగా బిగించి నీడలో నెల పైనే ఆరనిచ్చి, వంకరున్న చోట నిప్పుల మీద వేడి చేసి సరిచేయండి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. మొదలు వైపు ములికి, సన్న కొన వైపు నారి గాటు. గాటు కణుపుకి కాస్త పైన పడితే చీలిక కణుపు దగ్గర ఆగుతుంది, కింద దారం చుట్టడం మర్చిపోకండి.

జవాబు 2
విరిగిన సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? రంపంతో కోసిన రీపర్లో చెక్క చారలు చాలాసార్లు ఏటవాలుగా పక్కకి దిగిపోతాయి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. నాకు అలాంటిదే విడుపులో విరిగి పేడు అరచేతిలో దిగింది, మూడు కుట్లు. వేసే ప్రతిసారీ ముందు పుల్లని చేత్తో వంచి చెవి దగ్గర పెట్టుకోండి, చిటుక్కుమంటే పొయ్యిలోకే. 1991లో ఆల్ప్స్ మంచులో శవంగా దొరికిన ఐదువేల ఏళ్ళ నాటి మనిషి ఓట్జీ అంబులపొదిలో కూడా కోసిన చెక్క లేదు, ఎక్కువగా పొద నుంచి నరికిన నిండు చువ్వలే.

అడిగినవారు
కొలిచా. టేకు 0.4 కుంగింది, అంటే 65 పౌండ్ల విల్లుకి! వెదురు తెచ్చా, కణుపులు బుడిపెల్లా వేళ్ళకి తగులుతున్నాయి, చెక్కేయనా?

జవాబు 1
బుడిపె వరకే గరుకు కాగితంతో అరగదీయండి. కణుపుల మధ్య పైతోలు జోలికి మాత్రం పోవద్దు, బలమంతా అందులోనే.