కేప్ హట్టరస్: పిట్ట గుడ్లు పెడితే బీచ్ మూసేయాలా?

గాలంరాజు (కేరీ)

నార్త్ కరోలినాలో గాలం పట్టే తెలుగువాళ్లు ఈ మధ్య బాగానే పెరిగారు. అందుకే ఈ గొడవ ఇక్కడే తేల్చుకుందామని థ్రెడ్ మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కేప్ హట్టరస్ నేషనల్ సీషోర్ అంటే ఇసుక దీవుల మీద ఉన్న ఫెడరల్ పార్కు. అందులో కేప్ పాయింట్ అని ఒక ఇసుక మొన ఉంది. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి లాబ్రడార్ ప్రవాహం, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ కలిసేది ఆ దరిదాపుల్లోనే. ఒడ్డు మీద నిలబడి నలభై పౌన్ల రెడ్ డ్రమ్ చేపని లాగాలంటే అందరూ పరుగెత్తేది అక్కడికే. 94 పౌన్ల 2 ఔన్సుల ప్రపంచ రికార్డు డ్రమ్ 1984లో పక్కనున్న ఏవన్ ఒడ్డున పడింది.

వసంతంలో ఆ చేప ఒడ్డుకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా అప్పుడే పైపింగ్ ప్లోవర్ అనే పిట్ట ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఇక పార్కు వాళ్ల కర్రలు, తాళ్లు, బోర్డులు. పిల్లలు బయటికొచ్చాయంటే బండ్లకు అర కిలోమీటరు దాకా నో ఎంట్రీ. పాయింట్ సన్నటి మొన కాబట్టి దారిలో ఒక్క గూడు పడినా చివరిదాకా పోయే వీలుండదు. ఆ ఇసుక మీద ఫోర్ వీల్ డ్రైవ్ బండి తోలడానికి పర్మిట్ ఏడాదికి 120 డాలర్లు, పది రోజులకైతే 50. డబ్బు కట్టించుకుని మంచి సీజన్లో దారి మూస్తే ఎలా?

నేను పక్షులకు శత్రువుని కాను. కానీ యాభై గ్రాముల పిట్ట కోసం ఇంతమందిని ఆపడం సబబేనా?

తీరంపిట్ట (డర్హమ్)

సబబే. ముందు ఆ గుడ్డు ఎలా ఉంటుందో చెప్తాను. ఇసుక రంగు, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు. గూడంటే పుల్లలు పేర్చి కట్టేది కాదు. కాళ్లతో ఇసుకలో గీరిన చిన్న గుంట, అందులో నాలుగైదు గవ్వ పెంకులు, మామూలుగా నాలుగు గుడ్లు. పక్కన నిలబడి చూసినా కంటికి ఆనవు, ఇక స్టీరింగ్ వెనక కూర్చున్నవాడికి ఏం కనిపిస్తాయి?

నాలుగు వారాలు పొదిగాక మొదలవుతుంది అసలు టెన్షన్. పిల్లలు పుట్టిన కొన్ని గంటల్లోనే గూడు వదిలేస్తాయి. తల్లి తెచ్చి నోట్లో పెట్టదు, వాటి తిండి అవే వెతుక్కోవాలి. అంటే నీటి అంచున తడి ఇసుక దాకా నడిచి వెళ్లాలి. ఒక్కోటి ఆరు గ్రాములుంటుంది. రెక్కలు రావడానికి ఇంకో నెల పడుతుంది. టైరు చాలులో పడితే పైకి ఎక్కలేక అందులోనే పరుగెడతాయి. భయమేస్తే కదలకుండా ఇసుకకు అతుక్కుపోతాయి. నక్క దగ్గర పనికొచ్చే ఎత్తు అది, టైరు దగ్గర పనికిరాదు.

పిల్లలు ఎటు నడిస్తే కంచె అటు జరగాలి. అందుకే అర కిలోమీటరు.

బీచ్‌బాబాయ్

పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే కాబోలు. మా ఇంటిల్లిపాదికీ లైట్‌హౌస్, ఐస్‌క్రీమ్ ఉంటే చాలు. మీరు కానివ్వండి, మేం చదువుతూ ఉంటాం.

ఉప్పాడవాసి (షార్లెట్)

రాజుగారూ, చిన్న డౌటు. ఆ నలభై పౌన్ల చేపని ఇంటికి తెచ్చుకుంటారా?

గాలంరాజు

లేదండీ. 18 నుంచి 27 అంగుళాల మధ్యదైతే రోజుకు ఒకటి ఉంచుకోవచ్చు. అంతకు మించినది పడితే ఫోటో తీసుకుని నీళ్లలో వదిలేయాల్సిందే.

ఉప్పాడవాసి

అంటే పులుసుకి కూడా కాదన్నమాట! ఈ మాట మా ఊళ్లో చెబితే మనకి మతి పోయిందనుకుంటారు.

మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అది పొట్టకూటి వేట. ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలైంది. ఇంటిల్లిపాదికీ రెండు నెలలకు అదెంతో మీకే తెలుసు. తిట్టుకుంటూనే ఆగుతారు, కానీ ఆగుతారు. మీరు సరదాకి పట్టి వదిలేసే చేప కోసం ఆగలేరా?

ఇంకో సంగతి. ఆ నిషేధం ఇంజన్ ఉన్న పడవలకే. తెప్పకి, తెడ్డేసుకుని పోయే నాటు పడవకి లేదు. వేట మానమని ఎవరూ అనలేదు, దేని మీద పోతున్నావన్నదే లెక్క. మీ దగ్గర తగువు గాలం గురించా, బండి గురించా?

గాలంరాజు

బండి గురించే. కానీ అక్కడ బండి సోకు కోసం కాదండీ. బండ్లు ఇసుకలోకి దిగే ర్యాంప్ 44 నుంచి పాయింట్ దాకా మైలు పైనే ఇసుక. పన్నెండు అడుగుల రాడ్లు, ఎనిమిది ఔన్సుల సీసం గుండ్లు, ఎరకి కోసిన మల్లెట్ ముక్కలు, కూలర్, మంచినీళ్లు అన్నీ మోసుకుంటూ మెత్తటి ఇసుకలో నడవాలి. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు. దమ్మున్న కుర్రాళ్లకేనా సముద్రం? పైగా గూడు దారికి అడ్డంగా పడితే నడిచేవాళ్లకీ మూతే.

సరదా నాది, ఒప్పుకుంటా. కానీ బక్స్టన్‌లో ఎర కొట్టు పెట్టుకున్నవాడిది, మోటెల్ నడిపేవాడిది పొట్టకూడే కదా. ఏప్రిల్, మే బేరం పోతే వాళ్లకు భృతి ఎవరిస్తారు? మీ ఉప్పాడలో ఇరవై వేలు తక్కువే కావచ్చు, కనీసం నష్టపోయావని ఒప్పుకుని ఇస్తున్నారు.

ఇంకా ఒకటి. పిల్లల్ని తినేది నక్కలు, రకూన్లు, ఊరి పిల్లులు, దెయ్యపు పీతలు. వాటి కోసం పార్కు వాళ్లే ఉచ్చులు పెడతారు. ఒక్క పెద్ద అల వచ్చిందంటే ఎన్ని గూళ్లు కొట్టుకుపోతాయో! వీటన్నిటి ముందు బండి కింద పడినవి ఎన్ని?

పాతకాపు (ర్యాలీ)

ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. నేను ఈ గొడవని మొదటినుంచీ చూస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఈ సీషోర్‌కి కాంగ్రెస్ చట్టం చేసింది 1937లో. దేశంలో మొదటిది ఇదే. ఈత, పడవలు, చేపల వేట లాంటి వినోదాలకు అనువైన భాగాలు తప్ప, మిగతాదంతా ఆదిమ ప్రకృతిగా శాశ్వతంగా ఉంచాలని అందులో ఉంది. గాలం బ్యాచ్ మొదటి సగం చదివి వినిపిస్తారు, పక్షుల బ్యాచ్ రెండో సగం. వాక్యం మాత్రం ఒకటే.

1972లో ప్రెసిడెంట్ నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు: ఫెడరల్ భూముల్లో ఇలాంటి బండ్లు ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ తిరగకూడదో నిబంధనలు రాయండని. 1977లో ప్రెసిడెంట్ కార్టర్ దాన్ని ఇంకాస్త బిగించాడు. హట్టరస్‌లో ఆ నిబంధన వచ్చింది 2012లో. నలభై ఏళ్లు! ఎవరి మనసూ నొప్పించకూడదని నాన్చుతూ పోయారు. ఈలోగా బండి తోలడం హక్కు అనే నమ్మకం పాతుకుపోయింది. అందులో తప్పు పట్టడానికీ లేదు. హైవే 12 తారు రోడ్డు పడేదాకా ఆ దీవి ఊళ్ల మధ్య దారి ఇసుకే. చివరికి 2007లో డిఫెండర్స్ ఆఫ్ వైల్డ్‌లైఫ్, ఆడబాన్ సొసైటీ అనే వన్యప్రాణి సంఘాలు పార్కు మీద కేసు వేశాయి. 2008 ఏప్రిల్లో జడ్జి టెరెన్స్ బాయిల్ ముందు రాజీ ఒప్పందం కుదిరింది. ప్లోవర్ పిల్లలుంటే బండ్లకు వెయ్యి మీటర్లు, మనుషులకు మూడొందల మీటర్లు అన్నది దాంట్లోనే. ఏళ్ల తరబడి చేయని పనిని ఒక్క వసంతంలో కోర్టు కాగితంతో చేస్తే ఊళ్లవాళ్లకి మండదా?

అంకెలు చూస్తే, ఇక్కడ ప్లోవర్ జతలు 1989లో 15. 2002లో రెండు, 2003లోనూ రెండే. 2010కి 12 అయ్యాయి.

అందరూ మర్చిపోయేది ఇసుక కట్టల సంగతి. 1930లలో ఆ దీవుల పొడుగునా మనుషులు ఇసుక గట్లు కట్టారు, గడ్డి నాటారు. అంతకుముందు తుఫాను అలలు దీవి మీదుగా దాటిపోయి, గడ్డి మొలవని చదునైన ఇసుక మైదానాలు వదిలివెళ్లేవి. ప్లోవర్‌కి కావాల్సింది సరిగ్గా అలాంటి నేలే. గట్లు వచ్చాక, వాటి వెనక రోడ్డూ ఇళ్లూ వచ్చాక, ఆ నేల దాదాపు మొనల దగ్గరే మిగిలింది: పాయింట్, ఇన్‌లెట్ల అంచులు. డ్రమ్ పడేదీ అక్కడే. కాబట్టి "పిట్ట వెళ్లి ఇంకోచోట పెట్టుకోవచ్చుగా" అనేవాళ్లకు చెప్పేదేమంటే, ఆ ఇంకోచోటు మనం ఎప్పుడో తీసేసుకున్నాం.

నక్కల గురించి రాజుగారి మాట నిజమే. ఉచ్చులు పెట్టడం నాకూ నచ్చదు. అయితే రోడ్డు, చెత్తబుట్టలు, పిల్లులకి తిండి పెట్టేవాళ్లు ఇవన్నీ వచ్చాకే ఆ మందా పెరిగింది. బండి తొక్కి చంపినవెన్ని అన్నది ఒక్కటే లెక్క కాదు. బండ్లు తిరుగుతుంటే పిల్లలు నీటి అంచుకు రావు, మేత దొరకదు. అలా పోయినవాటిని ఎవరు లెక్కపెడతారు?

లెక్కలమాస్టారు (గ్రీన్స్‌బరో)

కథ బాగుంది కానీ సైజు మర్చిపోతున్నారు. అట్లాంటిక్ తీరం మొత్తమ్మీద 1986లో ఈ పిట్టని ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులో పెట్టినప్పుడు 800 జతలకు కాస్త తక్కువ. తర్వాత రెట్టింపు దాటాయి, ఎక్కువ భాగం మసాచుసెట్స్ వైపే. హట్టరస్ వాటి గూళ్ల పరిధికి దాదాపు దక్షిణపు కొస. పైగా ఇక్కడి ప్లోవర్‌కి చట్టంలో ఉన్నది "ముప్పు ఉన్న జాతి" హోదా మాత్రమే. అంతరించే స్థితి అన్నది గ్రేట్ లేక్స్ గుంపుకి. 2010లో 12 జతలన్నారు, ఆ తర్వాత కంచెలు ఉండగానే మళ్లీ పడిపోయాయి. పాతిక కూడా లేని పిట్టల కోసం ఇంత ఆర్భాటం ఫలితం ఇచ్చిందని ఎలా అంటారు?

తీరంపిట్ట

మాస్టారూ, ఈ పిట్టని కాపాడే 1996 ప్రభుత్వ ప్రణాళికలో లక్ష్యం రెండు వేల జతలు. వాటిని కావాలనే నాలుగు ప్రాంతాలకు పంచారు, దక్షిణానికి 400. అన్నీ మసాచుసెట్స్‌లోనే ఉంటే ఒక చెడ్డ సంవత్సరం చాలు. అంతరించే స్థితికి వచ్చాక కాపాడదాం అంటారా?

ప్లోవర్ ఒక్కటే కాదు కూడా. ఆయిస్టర్‌క్యాచర్లు, లీస్ట్ టెర్న్‌లు, బ్లాక్ స్కిమ్మర్లు అనే పిట్టలు కూడా, వీటన్నిటి కంటే ముందు తాబేళ్లు. మే 1 నుంచి నవంబర్ 15 దాకా రాత్రి 9 తర్వాత బండి వద్దన్నది వాటి కోసమే. 2010లో ఓక్రకోక్‌లో గుడ్లు పెట్టడానికి వచ్చిన లాగర్‌హెడ్ తాబేలు రాత్రిపూట బండి కింద పడి చచ్చిపోయింది. 2019లో ఈ సీషోర్‌లో తాబేటి గూళ్లు 470 దాటాయి.

లెక్కలమాస్టారు

ఆ ఏడాది జార్జియా, దక్షిణ కరోలినాల్లోనూ రికార్డే. అదంతా హట్టరస్ కంచె ఘనత అనకండి.

తీరంపిట్ట

అనడం లేదు. ఆ బండి కింద పడ్డ తాబేలు మాత్రం ఇక్కడిదే.

పాతకాపు

తాబేళ్ల పద్దు పక్కన పెట్టి దారి సంగతి చూద్దాం. 2014 డిసెంబర్లో కాంగ్రెస్ రక్షణ బడ్జెట్ చట్టంలో ఒక సెక్షన్ దూర్చింది: కంచెలు అవసరమైనంత చిన్నవిగా, అవసరమైనంత కాలమే ఉండాలి, వీలైన చోటల్లా వాటిని చుట్టి వెళ్లే దారులు ఇవ్వాలి అని. 2015లో దూరాలు తగ్గాయి. గట్టి కాపలా ఉన్నచోట ప్లోవర్ పిల్లలకి బండ్లైతే 500 మీటర్లు, నడిచేవాళ్లైతే 100. ఉప్పాడవాసి గారి తెప్ప లెక్క ఇక్కడే ఉంది చూడండి. నడిచేవాడికీ బండికీ ఐదు రెట్ల తేడా.

నా మాట ఇది. మే, జూన్ నెలల్లో పాయింట్‌ని బండికి కాకుండా కాలికి వదిలేయాలి. నీటి అంచున కాదు, అది పిల్లల మేత స్థలం. వెనకవైపు నుంచి గుర్తులు పెట్టిన దారి, దూరం కుదిరినన్ని రోజులు. నడవలేనివాళ్లకి పార్కు బండి ఒకటి, నిదానంగా, మనిషి ముందు నడుస్తూ. ఎర కొట్టువాళ్ల నష్టానికి మాత్రం నా దగ్గర మందు లేదు. అక్కడ రాజుగారిదే న్యాయం, ఇంతవరకూ దాని గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. 2021లో సందర్శకులు ముప్పై లక్షలు దాటారు, అద్దె ఇళ్లు కిటకిటలాడాయి. ఆ డబ్బు గాలం సామాను అమ్మేవాడి గల్లాలో పడుతుందని నేను అనుకోను.

ఉప్పాడవాసి

శరత్కాలం మాటేంటి? అప్పుడూ డ్రమ్ వస్తుందిగా?

గాలంరాజు

వస్తుందండీ, అక్టోబర్, నవంబర్లలో జోరుగా. అప్పటికి గూళ్లుండవు, పాయింట్ మామూలుగా తెరిచే ఉంటుంది. అందుకే అక్టోబర్ గురించి నాకు ఫిర్యాదు లేదు. మే గురించే. నడక దారి ఇస్తే సంతోషం, కానీ బండికి 500 ఎక్కువే. వెయ్యి నుంచి తగ్గించినప్పుడు కూడా కొంప మునుగుతుందన్నారు, మునిగిందా?

తీరంపిట్ట

ఊరికే తగ్గించలేదు కదా, పిల్లల వెనక మనిషిని పెట్టి తగ్గించారు. రెండొందలకి దించాలంటే తెల్లారింది మొదలు చీకటి పడేదాకా కాపలా కావాలి. ఆ జీతాలు వచ్చేది మీ పర్మిట్ ఫీజులోంచే. 120 డాలర్లని 300 చేస్తే కడతారా?

గాలంరాజు

మే నెలలో పాయింట్ చివరిదాకా పోనిస్తామని గ్యారంటీ ఇస్తే కడతాను.

తీరంపిట్ట

గ్యారంటీ ఎవరిస్తారండీ? ఎక్కడ గుడ్డు పెట్టాలో పిట్ట ఇష్టం.

గాలంరాజు

అయితే 120 చాలు.