‘బై’ ఎక్కడ, ‘అంటిల్’ ఎక్కడ?

ప్రశ్న: గాజువాక ఉద్యోగిని

సరుకు ఎగుమతుల ఆఫీసులో పనిచేస్తున్నాను. కాగితాలు పంపడానికి మాకు శుక్రవారం వరకు గడువుంది. ‘వరకు’ అంటే అంటిల్ కదా అని ఖాతాదారుకు రాసిన ఇంగ్లీషు ఉత్తరంలో శుక్రవారానికి ముందు ఆ మాటే పెట్టాను. ఆయన ఫోన్ చేసి, “శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటారా?” అని అడిగారు. పక్క సీటులో ఆవిడ ‘బై’ అని దిద్దారు గానీ, ఎందుకో చెప్పలేకపోయారు. నాకు కారణం కావాలి. బట్టీ పడితే మళ్లీ తప్పుతాను.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, కారణం మీ ప్రశ్నలోనే ఉంది. శుక్రవారం వరకు ఉండేది గడువు. కాగితాలు వెళ్లేది శుక్రవారంలోగా. అంత సేపూ సాగేదానికి అంటిల్, ఆలోపు ఒక్కసారి జరిగి తీరేదానికి బై. కాంప్లెక్సులో ఆరింటి వరకు బస్సు కోసం నిలబడ్డారు, అది అంటిల్. ఏడింటికల్లా సింహాచలం చేరారు, అది బై. రాసేముందు తెలుగులో అనుకుని చూడండి: ‘కల్లా’, ‘లోగా’ ఇమిడితే బై.

‘శుక్రవారం వరకు పంపం’ అంటే మాత్రం అంటిల్ సరైనదే. అక్కడ సాగుతున్నది పంపకపోవడం. నా విద్యార్థులు ఎక్కువగా తడబడింది ఇక్కడే.

బై అసలు అర్థం ‘పక్కన’. 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి బీచ్ రోడ్డులో సముద్రం పక్కన ఉందనడానికీ ఈ మాటే. చోటుకు వాడిన ఆ ‘దగ్గర’ కాలానికీ పాకింది.

మరొకటి. బై అంటే మామూలుగా శుక్రవారం కూడా కలుస్తుంది. కానీ ఆఫీసు మూసేలోపా, అర్ధరాత్రిలోపా అని పేచీ రావచ్చు. గంట కూడా వేయండి.

జవాబు: ఇళ్ల కాంట్రాక్టరు, మద్దిలపాలెం

మేము ‘పది బై పన్నెండు గది’ అంటాం. అదీ ఇదేనా మాస్టారూ? గుడ్‌బైలోది?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు

గది కొలతలోదీ, బైపాస్‌లోదీ ఇదే. గుడ్‌బై వేరు. ‘దేవుడు నీకు తోడుండుగాక’ అనే ఇంగ్లీషు వాక్యం నోళ్లలో నలిగి నలిగి అలా మిగిలింది.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, ఉత్తరం దిద్ది మళ్లీ పంపాను. బై పెట్టి, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు అని వేశాను. ‘సరే, అందగానే చెబుతాను’ అని ఆయన వెంటనే జవాబిచ్చారు.