అప్‌డేట్: పాత నికాన్ లెన్స్‌కి డీ3500 కొనాలా, సెకండ్‌హ్యాండ్ డీ7200 కొనాలా?

మామయ్య ఇచ్చిన పాత 50 ఎంఎం ఏఎఫ్-డి లెన్స్‌కి (సొంత ఫోకస్ మోటార్ లేని రకం) ఏ కెమెరా బాడీ కొనాలని పర్లాకిమిడి నుంచి అడిగింది నేనే. అందరికీ థ్యాంక్స్. బరంపురంలో సెకండ్‌హ్యాండ్ డీ7200 తీసుకున్నాను. ‘బాడీలో ఫోకస్ మోటార్ ఉందా చూడు’ అన్న సలహాతోనే విషయం తేలిపోయింది. డీ3500లో అది లేదు. షాపులో ఈ లెన్స్ తగిలించి చూస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సి వచ్చింది. అక్క పిల్లలు ఒక్కచోట నిలబడితే కదా! డీ7200 టక్కున పట్టేసింది. షటర్ కౌంట్ (ఇప్పటిదాకా షటర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) కూడా చూసే కొన్నాను, షటర్ తట్టుకుంటుందని కంపెనీ చెప్పే 1,50,000 సార్లకి చాలా దూరంలో ఉంది. మెగాపిక్సెళ్ల చర్చంతా అనవసరం, రెండూ 24.2నే. డీ7200 బరువు మాత్రం ఎక్కువే.

మొదట్లో స్క్రీన్ మీద ‘ఎఫ్ఈఈ’ అనే ఎర్రర్ వచ్చి టెన్షన్ పెట్టింది. లెన్స్ మీది అపర్చర్ రింగ్‌ని (వెలుతురు వచ్చే రంధ్రం సైజు మార్చేది) 22 దగ్గర, అంటే అతి చిన్న రంధ్రం దగ్గర, లాక్ చేస్తే పోయింది.