కేరళలో రోగులు ఎక్కువ, చావులు తక్కువ: ఏ లెక్క నమ్మాలి?

గోదారిగట్టు:
మా ట్రస్టు వాళ్లు మొబైల్ వైద్య వ్యాన్లు ఏ రాష్ట్రంలో తిప్పాలో లెక్క తీయమన్నారు. 2017–18 జాతీయ నమూనా సర్వే ముందేసుకున్నాను. గత 15 రోజుల్లో ఒంట్లో బాగోలేదా అని అడిగితే దేశం మొత్తమ్మీద నూటికి 7.5 మంది అవునన్నారు. కేరళలో సుమారు 24 మంది! బీహార్ సగటుకి బాగా కింద ఉంది. తీరా 2020 శిశు మరణాలు చూస్తే పుట్టిన వెయ్యిమందికి కేరళలో 6, బీహార్‌లో 27. ఇదెలాగండీ?

సిక్కోలు సిస్టర్:
చావుల లెక్కే నమ్మండి. నేను ఏఎన్ఎంని, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ప్రభుత్వ నర్సుని. ఇంటికెళ్లి జబ్బేమైనా ఉందా అంటే ముందొచ్చే మాట "ఏటీ లేదమ్మా". మొన్నొకామె పిడకలు కొడుతూ అదే అంది. కళ్లు తిరుగుతున్నాయా అని గుచ్చి అడిగితే, "ఎండకి తిరగవేటి?" అంది. చెయ్యి కడిగించి బీపీ చూస్తే 180/110. సర్వే వాళ్లు ఆ పొద్దున వచ్చుంటే ఆమె ఆరోగ్యవంతురాలు. మాత్రలు మొదలెట్టాక వస్తే రోగి.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బూ అంతే. మొదట్లో నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. రక్త పరీక్షల క్యాంపులు పెట్టాకే కవిటి, సోంపేట వైపు జనం క్రియాటినిన్ (కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగేది) ఎంతుందో చెప్పడం మొదలెట్టారు. అంతకుముందు జబ్బు లేదంటామా? కేరళలో ఆడవాళ్లకి చదువుంది, ఆసుపత్రి దగ్గర్లో ఉంది. తమకేముందో వాళ్లకి తెలుసు, చెబుతారు.

పాత లెక్కలు:
సిస్టర్ గారి మాటకి తోడు వయసు కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్లు కేరళలో 12.6 శాతం, బీహార్‌లో 7.4. బతికి ముసలితనానికొచ్చిన వాళ్లకే కదా బీపీ, షుగర్, కీళ్లనొప్పులు. కాబట్టి కేరళ జబ్బుల్లో నిజమైనవీ బోలెడు. అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ముడే విప్పారు: జబ్బుందని చెప్పుకోవడంలో అమెరికా వాళ్లు కేరళనీ మించిపోయారట. ఇంకోటి, సర్వేలో చాలాసార్లు ఇంట్లో ఒకరే అందరి తరఫునా జవాబిస్తారు. కోడలి నడుంనొప్పి మామగారికేం తెలుసు?

గోదారిగట్టు:
అయితే ఈ సర్వే పక్కన పడేయనా?

సిక్కోలు సిస్టర్:
వద్దు బాబూ. ఆసుపత్రికి జేబులోంచి ఎంత పోతోందో అందులోనే తెలుస్తుంది. వ్యాన్ల సంగతికి మాత్రం శిశు మరణాలతో పాటు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. వాళ్లు అడిగి ఊరుకోలేదు, ఇంట్లోనే బీపీ కొలిచారు, వేలు గుచ్చి రక్తం చూశారు. జిల్లాల వారీగా పట్టికలున్నాయి.