ఇంటి దగ్గరి మున్సిపల్ ప్రాథమిక పాఠశాల బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా? (విజయవాడ)

ప్రశ్న: సింగ్‌నగర్ అమ్మ

అందరికీ నమస్కారం. మేము విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి ఒక ప్రైవేటు పాఠశాలలో యూకేజీ పూర్తి చేస్తోంది, జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ఉంది. ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు–నేడు పథకం పనుల్లో దానికి రంగులు, బల్లలు, మరుగుదొడ్లు అన్నీ అమిరాయి. నిజం చెప్పాలంటే మేము ఇప్పుడు ఫీజు కడుతున్న బడి కంటే ఆ ఆవరణే విశాలంగా ఉంది. అయినా ఆ మాట ఎత్తగానే మా అత్తగారు "ఒక్కగానొక్క పిల్లను సర్కారు బడిలో వేస్తారా" అని మొదలుపెడతారు. మా వారేమో ఆటోనగర్‌లో తనతో పనిచేసేవారి పిల్లలు అక్కడే చదువుతున్నారని, బాగానే ఉందట అని అంటారు. ఆ బడి లోపల చదువు ఎలా సాగుతోందో మాత్రం ఇద్దరిలో ఎవరూ చూసింది లేదు.

బడుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ వెబ్‌సైట్‌లో వెతికితే పిల్లలు వంద మందికి అటూ ఇటూగా ఉన్నారని, ఉపాధ్యాయులు నలుగురని కనిపించింది. ఇది మంచి లెక్కో చెడ్డ లెక్కో నాకు అర్థం కాలేదు. ఒకసారి బడికి వెళ్లే వీలు దొరికితే ఏమి చూడాలి, ఎవరిని ఏమి అడగాలి? సౌకర్యాల సంగతి నేనే చూసుకోగలను, నాకు కావలసింది చదువు సంగతి. ప్రభుత్వ బడుల్లో పనిచేసినవారు, తమ పిల్లలను అక్కడ చదివించినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

అమ్మా, ముందు మీ అంకెల సంగతి చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, తొంభై వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉండాలి. కాబట్టి వంద మందికి నలుగురంటే చట్టం లెక్కకు లోటు లేదు. అయితే తరగతులు ఐదు, ఉపాధ్యాయులు నలుగురు అయినప్పుడు ఎవరో ఒకరు రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టుకుంటున్నారన్న మాటే. ఏ రెండు తరగతులను కలిపారు, ఆ ఉపాధ్యాయుడు ఒక తరగతికి పాఠం చెబుతుంటే రెండో తరగతి ఏమి చేస్తోంది అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. ఒకటి, రెండు తరగతులను కలిపి చక్కగా నడిపేవారు ఉన్నారు. ఒకటో తరగతిని తీసుకువెళ్లి ఐదో తరగతి పక్కన కూర్చోబెట్టి, పిల్లలకు పలకలిచ్చి అక్షరాలు దిద్దుకోమని వదిలేసేవారూ ఉన్నారు.

2025లో తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్న ఉద్దేశంతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేశారు. మీ బడి ఆ జాబితాలో ఉందేమో కనుక్కోండి. ఉండి కూడా నలుగురే ఉంటే ఐదో స్థానం ఖాళీగా ఉందా, లేక ఆ ఉపాధ్యాయుడిని డిప్యుటేషన్ మీద మరో బడికి పంపారా అని అడగవచ్చు. వెబ్‌సైట్‌లో కనబడే సంఖ్యకు, ఆ రోజు తరగతి గదిలో నిలబడి ఉన్నవారి సంఖ్యకు తేడా సాధారణంగా ఇక్కడే వస్తుంది.

చదువు సంగతి తేల్చుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి పిల్లల నోటు పుస్తకాలు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో మూడో తరగతిలో ఒకే సబ్జెక్టు నోటు పుస్తకాలను ఏ నాలుగైదో పక్కపక్కన పెట్టి చూడండి. అన్నింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యాలు ఉంటే అది బోర్డు మీది రాత. పిల్లలు చూచి రాశారే తప్ప స్వయంగా రాయలేదు. ఒకడు "మా కుక్క నల్లది", ఇంకొకతె "మా ఇంట్లో కుక్క లేదు పిల్లి ఉంది" అని రాసి ఉంటే, వాటిలో గుణింతాల తప్పులు నాలుగు ఉన్నా, అక్కడ చదువు జరుగుతోందని అర్థం. పేజీ అంతటికీ కలిపి ఒక పెద్ద ఎర్ర టిక్కు పెట్టి సంతకం చేశారా, లేక తప్పు పదం కింద గీత గీసి పక్కన సరైన రూపం రాసి, దాన్ని పిల్లవాడి చేత మళ్లీ రాయించారా అన్నది కూడా చూడండి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సహోపాధ్యాయుల పనిని పాఠ్యప్రణాళిక పుస్తకాల కంటే వీటిని బట్టే అంచనా వేసేవాడిని.

లెక్కల్లో ఒక్క తీసివేత చాలు. మూడో తరగతి పిల్లలకు 52లో నుంచి 27 తీసివేయమనండి. 25 వస్తే సరే. 35 వస్తే మాత్రం ఆ బిడ్డ పై అంకె, కింది అంకె అని చూడకుండా ప్రతి స్థానంలోనూ పెద్దదానిలో నుంచి చిన్నదాన్ని తీసేస్తోంది, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఇంకా అర్థం కాలేదు. ఒకరిద్దరికి 35 రావడం ఏ బడిలోనైనా మామూలే. తరగతిలో సగం మందికి వచ్చిందంటే స్థాన విలువలు పుల్లల కట్టలతో నేర్పకుండా బోర్డు మీదే దాటించేశారని అనుకోవచ్చు. చదవడం చూడాలంటే మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి వాచకంలోని మధ్య పేజీ ఏదైనా తెరిచి ఇవ్వండి. మొదటి పాఠం ఇవ్వకండి, అది అందరికీ కంఠస్థమై ఉంటుంది. 2005 నుంచి ప్రథమ్ సంస్థ జరుపుతున్న అసర్ సర్వే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఆ సర్వే గ్రామాల్లోనే జరుగుతుంది కనుక మీ బడి గురించి అందులో ఏమీ దొరకదు.

సమాధానం 2: కృష్ణలంక గృహిణి

మా అబ్బాయి ఐదో తరగతి వరకు మున్సిపల్ బడిలోనే చదివాడు కనుక తల్లిగా నేను చూసినవి చెబుతాను. మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ రోజున బడిని చూసి నిర్ణయానికి రాకండి. 2024 డిసెంబరులో మొదటిసారి, 2025 జూలైలో రెండోసారి రాష్ట్రమంతటా ఆ సమావేశాలు జరిగాయి. ఆ రోజు ముగ్గులు, మామిడి తోరణాలు, రంగోలి పోటీలు ఉంటాయి, ఏ బడైనా పెళ్లిల్లులా కనిపిస్తుంది. మామూలు మంగళవారమో బుధవారమో మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లండి.

భోజనం గురించి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, పెద్దవాళ్లు పిల్లలతో ఎలా మసలుతున్నారో అక్కడ దాచడానికి వీలుండదు. వడ్డించే ముందు ఉపాధ్యాయులలో ఒకరు రుచి చూడాలన్నది నిబంధన. నిజంగా చూస్తున్నారా, లేక రిజిస్టరులో సంతకంతో సరిపెడుతున్నారా? గుడ్డు అందరికీ అందుతోందా? పప్పు నీళ్లలా ఉంటే పిల్లలు ఎవరికి చెబుతున్నారు, చెబితే ఎవరైనా వింటున్నారా? చిన్న తరగతుల పిల్లలు పళ్లెం కడుక్కునే చోట బురద లేకుండా నీరు పోతోందా? మరుగుదొడ్లు కట్టారన్న మాట అందరికీ తెలుసు. మీరు మాత్రం తలుపుకు లోపల గడియ ఉందా, కుళాయిలో మధ్యాహ్నం కూడా నీళ్లు వస్తున్నాయా, శుభ్రం చేసే ఆయా రోజూ వస్తోందా అని చూడండి. ఆడపిల్లలు బడిలో నీళ్లు తాగడం మానేయడానికి చాలాసార్లు ఇదే కారణం. సౌకర్యాలు మీరే చూసుకోగలనన్నారు కానీ, పూట పూటా నీళ్లు తాగని పిల్లకు మధ్యాహ్నం మూడింటికి పాఠం ఏమి ఎక్కుతుంది?

తల్లిదండ్రుల కమిటీ సభ్యులెవరో కనుక్కోండి. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. వాళ్లలో ఒకరితో మాట్లాడి, ఆఖరి సమావేశంలో ఏమి మాట్లాడుకున్నారని అడగండి. "సంతకానికి పిలుస్తారమ్మా, వెళ్లి పెట్టి వస్తాను" అన్నారంటే కమిటీ ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది.

పిల్లలను చదివించే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బును మీ లెక్కలో కలపకండి. అది ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటి పిల్లలకూ వర్తిస్తుంది.

సమాధానం 3: ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల ప్రభుత్వ టీచర్), విజయవాడ

పెద్దలు చెప్పిన నోటు పుస్తకాల పద్ధతితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తీసివేత పరీక్ష, చదివించే పరీక్షల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఎన్నడూ చూడని మనిషి తరగతిలోకి వచ్చి వాచకం చేతికిచ్చి చదవమంటే, ఎనిమిదేళ్ల పిల్ల వచ్చిన ముక్క కూడా మింగేస్తుంది. తప్పనిసరిగా చూడాలనుకుంటే ఆ పిల్లను పక్కనున్న స్నేహితురాలికి కథ చదివి వినిపించమనండి, మీరు కాస్త దూరంగా కూర్చుని వినండి.

దీని కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. సింగ్‌నగర్ వైపు బడుల్లో చదివే పిల్లల్లో ఎందరో ఆటోనగర్ కార్మికుల పిల్లలు, తాపీ పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారి పిల్లలు. సంక్రాంతికి ఊరెళ్లి నెల తరువాత వచ్చేవారుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ ప్రాంతంలో పుస్తకాలు, సంచులు, కొందరికి ఇంట్లో సామానంతా నీళ్లపాలైంది. ఆ ఏడాది ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు అక్షరాలు నేర్చుకునే వేళే చదువు చెదిరిపోయింది. అలాంటి తరగతికి ఒక పరీక్ష పెట్టి, ఇంట్లో ట్యూషన్ చెప్పించుకునే పిల్లలున్న బడితో పోల్చి, ఇది మంచిది అది చెడ్డది అని తేల్చడం న్యాయం కాదు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న చిన్న లెక్కలు చేయడం వచ్చి తీరాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. ఏ బడైనా ఆ లక్ష్యం వైపు పిల్లలను ఎంత దూరం నడిపించిందో చూడాలంటే, వాళ్లు ఎక్కడ నుంచి బయలుదేరారో కూడా తెలియాలి.

అందువల్ల మీరు ఒకటో తరగతి ఉపాధ్యాయురాలిని ఒక్క మాట అడగండి: "వెనుకబడిన పిల్లలు ఎవరెవరండీ, వాళ్లతో ఏమి చేస్తున్నారు?" ఆమె తడుముకోకుండా ఫలానా బాబుకు ఒత్తులు రావడం లేదు, ఫలానా పాప రెండు వారాలు రాలేదు, రోజూ చివరి పీరియడ్‌లో ఆ ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుంటున్నాను అని చెప్పగలిగితే మీ అమ్మాయిని నిశ్చింతగా పంపవచ్చు. "మా దగ్గర అందరూ బాగానే చదువుతారు" అన్న జవాబు వస్తే నేను మాత్రం కొంచెం వెనకాడతాను.

ఇంకొక సంగతి కూడా మనసులో ఉంచుకోండి. బదిలీలు వేసవి సెలవుల్లో జరుగుతాయి కనుక మీరు ఏప్రిల్‌లో చూసి మెచ్చిన ఉపాధ్యాయురాలు జూన్‌లో అక్కడ ఉండకపోవచ్చు. ఒక్కరిని చూసి కాకుండా, కొత్తవారు వచ్చినా పని అలాగే సాగేటట్టు ప్రధానోపాధ్యాయులు చూసుకుంటున్నారా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవడం మంచిది. శిక్షణలు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం, ఎన్నికల పనులు మా సమయాన్ని బాగానే తింటాయి. ఉపాధ్యాయుడు లేని ఆ గంటల్లో తరగతి ఏమవుతోందన్నది అడగదగిన ప్రశ్నే.

సింగ్‌నగర్ అమ్మ

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎస్జీటీ గారు చెప్పిన ఆ ఒక్క ప్రశ్న తప్పకుండా అడుగుతాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా అమ్మాయి ఇప్పటికే ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు చదువుతోంది. అక్కడ మళ్లీ అక్షరాల నుంచి మొదలుపెడితే ఆమెకు విసుగు పుడుతుందేమో. రెండోది, వేసవిలో చూసి చేర్చాక జూన్‌లో పరిస్థితి మారిపోతే మేము ఇరుక్కుపోతామా?

సమాధానం 4: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

ఎస్జీటీ గారి సవరణ సబబైనదే. స్నేహితురాలికి చదివి వినిపించమనడం నేను చెప్పిన దాని కంటే మంచి పద్ధతి.

ఇంగ్లీషు సంగతికి వస్తే, పాఠ్యపుస్తకాలు 2020–21 నుంచి ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటున్నాయి. పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయురాలు ఆ రెండు పేజీలనూ వాడుకుంటున్నారా, లేక ఇంగ్లీషు పేజీని పైకి చదివించి వదిలేస్తున్నారా అన్నది గమనించండి. మీ అమ్మాయి విసుగు మాటకొస్తే, ఆమెకు తెలుగు అక్షరాలు ఎంతవరకు వచ్చో ఇంట్లో ఒకసారి చూడండి. యూకేజీ వరకు ఇంగ్లీషు చదివి వచ్చిన పిల్లల్లో చాలామంది గుణింతాల దగ్గర ఆగిపోతారు, ఒకటో తరగతి ఏడాది పొడుగునా వాళ్లకు అక్కడే పని సరిపోతుంది. ఇంగ్లీషుకు మాత్రం బడి గ్రంథాలయంలోని చిన్న కథల పుస్తకాలను ఇంటికి ఇస్తారా అని అడగండి. తాళం వేసిన బీరువాలో ఉంటే అవి ఉన్నా లేనట్టే.

ఇరుక్కుపోవడం అంటూ ఏమీ లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో గాని, విద్యా సంవత్సరం మొదలైపోయిందన్న కారణంతో గాని పిల్లలను చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి వెళ్లి నోటు పుస్తకాలు చూడండి. ఏడాదంతా రాసినవి అప్పుడే పిల్లల దగ్గర నిండుగా ఉంటాయి. జూన్‌లో బడి తెరిచాక మళ్లీ వెళ్లి, ఒకటో తరగతిని ఎవరికి అప్పగించారో, దాన్ని ఏ తరగతితో కలిపారో కనుక్కుని అప్పుడు చేర్చండి. వారం పది రోజులు ఆలస్యమైనా ఎవరూ కాదనలేరు.